హుస్సేన్ సాగర్ ఒడ్డున రేసు, మన ఇంట్లో కారు: పెట్రోలు, సీఎన్‌జీ, హైబ్రిడ్, ఎలక్ట్రిక్‌లలో ఎవరికి ఏది?

మా బావది మహబూబ్‌నగర్. దేవరకద్ర పక్కన ఒక ఊళ్లో టీచరు. పోయిరావడం కలిపి రోజుకు యాభై కిలోమీటర్లు. పాత డీజిల్ కారు అమ్మేసి ఆరు నెలలైంది, ఇంకా బస్సులోనే తిరుగుతున్నాడు. డబ్బు లేక కాదు, తేల్చుకోలేక. ప్రతి ఆదివారం నల్గొండలో ఉన్న నాకు ఫోన్ చేస్తాడు. "ఎలక్ట్రిక్ తీసుకోవాల్నా, హైబ్రిడ్ తీసుకోవాల్నా, ఇవేవీ వద్దని పెట్రోలే తీసుకోవాల్నా? నువ్వైతే ఏం జేస్తవో చెప్పు. నాకు టెన్షన్ ఎక్కువైతుంది" అంటాడు. పోయిన వారం గంటసేపు మాట్లాడాను. ఇదే ప్రశ్న అడిగేవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు కాబట్టి అదంతా ఇక్కడ రాసి పెడుతున్నాను.

బావకు చెప్పినదాంట్లో సగం కార్ల రేసుల గురించే. "కారు కొంటానంటే రేసులేందిరా" అని నవ్వాడు. కానీ ఈ ప్రశ్న మనకంటే ముందు రేసులవాళ్ల మీద పడింది. పెట్రోలు ఊరికే తగలేస్తున్నారని లోకమంతా తిట్టడం మొదలయ్యాక, చేతిలో కోట్లు, తెలివైన ఇంజినీర్లు ఉన్నవాళ్లు కూర్చుని జవాబు వెతికారు. ఒక్క జవాబు దొరకలేదు. ఫార్ములా వన్ పెట్రోలు ఇంజినుకు బ్యాటరీ కలిపింది, అదే హైబ్రిడ్. ఫార్ములా ఈ పూర్తిగా కరెంటుకు మారింది. అమెరికా ఇండీకార్ 2007లోనే ఇథనాల్ మీద నడిచింది. ప్రపంచ ర్యాలీలో 2022లో హైబ్రిడ్ తెచ్చారు, 2025కల్లా తీసేశారు. ఎవరి ట్రాకు, ఎవరి దూరం, ఎవరి ఖర్చు చూసుకుని వాళ్లు ఎంచుకున్నారు. మనమూ అంతే చేయాలి. పక్కింటాయన ఏ కారు కొన్నాడన్నది మాత్రం లెక్కలోకి రాకూడదు.

ముందు ఈ నాలుగు విషయాలు తేల్చుకోండి

మొదటిది, రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు. అందాజుగా వద్దు. ఒక నెల మీటరు రాసి పెట్టండి. నేను "రోజూ అరవై తిరుగుతా" అని అందరికీ చెప్పేవాణ్ణి, రాసి చూస్తే ముప్పై ఎనిమిది తేలింది.

రెండోది, రాత్రి బండి ఎక్కడ పడుకుంటుంది. సొంత ఇంటి గేటు లోపలా, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనా, వీధిలో వేపచెట్టు కిందా? అన్నిటికంటే దీని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. షోరూంలో మాత్రం ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

మూడోది, ఏడాదిలో మీ అతి దూరపు ప్రయాణం ఏది, ఎన్నిసార్లు. ఏడాదికొకసారి తిరుపతి వెళ్లేవాళ్లు ఆ ఒక్క రోజు కోసం మిగతా 364 రోజుల బండిని ఎంచుకోవడం నాకు విచిత్రంగా అనిపిస్తుంది. ఆ రోజుకు రైలుంది, అద్దె కారుంది.

నాలుగోది పొగ. పర్యావరణం గురించి నిజంగా పట్టింపు ఉంటే మొత్తం లెక్క చూడాలి. ఫార్ములా వన్ ఆ లెక్క తీసింది. 2018 సీజన్‌కు మొత్తం 2,56,551 టన్నుల కార్బన్ ఉద్గారాలు తేలాయి. అందులో ట్రాక్ మీద కార్లు కాల్చిన ఇంధనం వాటా 0.7 శాతం. సామాన్లు విమానాల్లో, ఓడల్లో, లారీల్లో మోయడానికి 45 శాతం. మనుషుల ప్రయాణాలకు దాదాపు 28 శాతం. పెళ్లిలో పంతులు దక్షిణ దగ్గర గీచి గీచి బేరమాడి, డెకరేషన్ బిల్లు చూడకుండా కట్టినట్టుంది. 2030కల్లా నికరంగా సున్నాకు తెస్తామని 2019 నవంబర్‌లో ప్రకటించాక, జపాన్ రేసును శరత్కాలం నుంచి 2024లో ఏప్రిల్‌కు జరిపారు. ఆసియా వైపు రేసులన్నీ ఒక వరుసలో పెడితే సామాను అటూ ఇటూ తిరగక్కర్లేదని. ఇంజిను ముట్టుకోకుండా చేసిన మార్పు అది. మన సంగతి చెప్పబోయేటప్పుడు మళ్లీ ఇక్కడికే వస్తాను.

ఎండ సంగతి విడిగా చెప్పక్కర్లేదనుకుంటా. మే నెలలో నల్గొండలో 44, 45 డిగ్రీలు మామూలే. బ్యాటరీకి అది పరీక్షే.

ఒక్క చూపులో

ఖర్చు లెక్క నా చేతి లెక్క. పెట్రోలు లీటరు 107 రూపాయలు, సీఎన్‌జీ కిలో 95 దగ్గర, ఇంటి కరెంటు పై స్లాబులో యూనిట్ 9 రూపాయలు పట్టుకుని వేశాను. మైలేజీ కంపెనీ చెప్పేది కాదు, రోడ్డు మీద వచ్చేది.

| బండి | కిలోమీటరుకు ఇంధన ఖర్చు | రోడ్డు మీద కార్బన్ (కి.మీ.కు) | మనవైపు పెద్ద తలనొప్పి |
|---|---|---|---|
| పెట్రోలు (లీటరుకు 16 కి.మీ.) | 6.70 రూ. | 145 గ్రాములు | ఖర్చు. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు)తో మైలేజీ తగ్గడం |
| సీఎన్‌జీ (కిలోకు 24 కి.మీ.) | 4 రూ. | పెట్రోలు కంటే తక్కువ | బంకు దగ్గర లైను, డిక్కీ ఉండదు |
| స్ట్రాంగ్ హైబ్రిడ్ (లీటరుకు 22 కి.మీ.) | 4.90 రూ. | 105 గ్రాములు | కొనే ధర |
| ఎలక్ట్రిక్ (యూనిట్‌కు 6 కి.మీ.) | ఇంట్లో 1.50 రూ., హైవే మీద 3 రూ. పైన | కరెంటు కేంద్రం దగ్గర 117 గ్రాములు | పార్కింగ్, హైవే ఛార్జర్లు |

మూడో నిలువు వరుస ఇంకోసారి చూడండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ ఇంచుమించు ఒకే చోట ఉన్నాయి. అదెట్లా అనేది ఎలక్ట్రిక్ దగ్గర చెప్తాను.

పెట్రోలు: బంకులో పోసేది ఇప్పుడు వట్టి పెట్రోలు కాదు

బండి మార్చకుండా ఇంధనాన్ని మార్చడం రేసుల్లో పాత దారే. ఫార్ములా వన్ 2022లో పెట్రోలులో 10 శాతం ఇథనాల్ కలిపింది. 2026 నుంచి నూటికి నూరు శాతం నిలకడైన ఇంధనం వాడాలని నియమం పెట్టింది. దాన్ని తిండి పంటల నుంచి కాకుండా వ్యర్థాల నుంచి, తిండికి పనికిరాని మొక్కల నుంచి, గాలిలోంచి పట్టిన కార్బన్ నుంచి చేయాలి. లీ మాన్ 24 గంటల రేసు నడిచే ప్రపంచ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్‌లో 2022 నుంచి వైన్ తయారీలో మిగిలిన పిప్పితో చేసిన ఇంధనం వాడుతున్నారు.

మన దేశం వాళ్లకంటే ముందే 20 శాతానికి వచ్చింది. ఈ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది, ఇప్పుడు ఏ బంకుకు పోయినా అదే. తేడా ఏమిటంటే, మన ఇథనాల్ చెరుకు నుంచి, మక్కల నుంచి, బియ్యం నూకల నుంచి వస్తుంది. అంటే తిండి గింజల నుంచే. మిర్యాలగూడ మిల్లుల చుట్టూ పెరిగినవాణ్ణి, నూకలు కారులో పోసుకుంటున్నామంటే ఇప్పటికీ మనసు ఒప్పదు. నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కడం మీరు చూసే ఉంటారు. గద్వాల వైపు పెద్ద ధన్వాడలోనూ అదే గొడవ. పచ్చ ఇంధనం అని పేరు పెట్టినంత మాత్రాన దాన్ని తయారుచేసే చోట నీళ్లు, గాలి బాగుంటాయని కాదు.

కొనేవాళ్లకు పనికొచ్చే సంగతి: ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. పాత నాలుగు చక్రాల బండ్లకు ఈ20తో మైలేజీ 6, 7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదికలోనే ఉంది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండి అయితే పైపులు, రబ్బరు సీళ్లు ఈ20కి తట్టుకునేలా ఉంటాయి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు తయారీ నెల తప్పకుండా చూసుకోండి.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అందుకే తక్కువ తిరిగేవాళ్లకు ఇప్పటికీ చిన్న పెట్రోలు కారును మించింది లేదు. నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లు కూడా దాటనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

సీఎన్‌జీ

పెద్ద రేసుల్లో దీనికి చోటు దక్కలేదు కాబట్టి నాకూ పెద్దగా చెప్పడానికి లేదు. క్యాబ్ నడిపేవాళ్లకు, రోజుకు వంద పైన తిరిగేవాళ్లకు లెక్క గిట్టుబాటవుతుంది. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో పరీక్ష) చేయించాలి. యాదగిరిగుట్టకు ఐదుగురు సామానుతో బయల్దేరితే బ్యాగులు ఒళ్లో పెట్టుకోవాలి. పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి కింద సర్దిన మోడళ్లు వచ్చాయి, డిక్కీ కావాలంటే అవి చూడండి.

హైబ్రిడ్: బ్రేకులో పోయేది దాచుకునే బండి

ఫార్ములా వన్ 2009లో మొదట ఈ పని చేసింది. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోయే శక్తిని బ్యాటరీలో పట్టి, ల్యాపుకు (ట్రాకు ఒక చుట్టుకు) ఆరున్నర సెకన్లపాటు అదనంగా 60 కిలోవాట్ల ఊపు ఇచ్చేది. 2014లో దాన్ని పెంచి, ఎనిమిది సిలిండర్ల ఇంజిను తీసేసి, 1.6 లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో పెట్టారు. రేసంతటికీ 100 కిలోల ఇంధనమే వాడాలన్నారు. అంతకుముందు దాదాపు ఒకటిన్నర రెట్లు పట్టేది. చప్పుడు తగ్గిందని అభిమానులు మొత్తుకున్నారు కానీ వేగం తగ్గలేదు. 2017కల్లా మెర్సిడెస్ ఇంజిను ఇంధనంలోని శక్తిలో సగానికి పైగా వాడుకుంటోందని కంపెనీ ప్రకటించింది. మామూలు పెట్రోలు ఇంజిన్లు మూడో వంతు వాడుకుంటేనే గొప్ప. ఇంతా చేసి ఆ రేసు కారు మైలేజీ లీటరుకు రెండున్నర కిలోమీటర్లు కూడా లేదు, అది వేరే విషయం.

2026లో కరెంటు మోటారు బలాన్ని 120 నుంచి 350 కిలోవాట్లకు పెంచారు. ఇంజిను, మోటారు ఇప్పుడు దాదాపు సగం సగం. లీ మాన్‌లో 2012లో ఆడి హైబ్రిడ్‌తో గెలిచాక, ఆ రేసు వరుసగా హైబ్రిడ్లదే అయింది. అదే ఆడి అంతకు ఆరేళ్ల ముందు 2006లో డీజిలుతో గెలిచి, ఇదే భవిష్యత్తు అనిపించింది. మా బావ డీజిల్ కారు కొన్నదీ ఆ గాలిలోనే.

మన రోడ్లకు వస్తే, ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినాలి. షోరూంలో హైబ్రిడ్ అని రెండు వేర్వేరు బండ్లను చూపిస్తారు. మైల్డ్ హైబ్రిడ్ పేరుకే హైబ్రిడ్, బండి కరెంటు మీద ఒక్క గజం కూడా నడవదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ వేరు, కొంత దూరం కరెంటు మీదే నడుస్తుంది: టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, హోండా సిటీ, ఇన్నోవా హైక్రాస్‌లలో ఆ రకాలు దొరుకుతాయి. వాటిలో బ్యాటరీ చిన్నది. హైరైడర్‌లో ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు. అయినా ఎల్బీ నగర్, హయత్‌నగర్ ట్రాఫిక్‌లో గంటసేపు ఇంజిను ఆపి ఆపి నడిపిస్తుంది. అక్కడే దాని బలం. అదే జడ్చర్ల నుంచి పెబ్బేరు దాకా 44వ నంబరు హైవే మీద వందలో నిలకడగా పోతే, బ్రేకే వేయరు కాబట్టి దాచుకునేది ఏమీ ఉండదు. లాభం సగానికి పడిపోతుంది.

ధర సంగతి. అదే బండి మామూలు పెట్రోలు రకానికి, స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు మధ్య రెండున్నర, మూడు లక్షల తేడా ఉంటుంది. మా బావలా నెలకు 1,250 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలు మీద నెలకు 2,250 మిగులుతుంది. ఆ తేడా తిరిగి రావడానికి తొమ్మిది నుంచి పదకొండేళ్లు పడుతుంది. డబ్బు కోసమే అయితే హైబ్రిడ్ వద్దు. ఛార్జింగ్ బెడద లేకుండా పొగ తగ్గాలి, హైదరాబాద్ ట్రాఫిక్‌లో వారానికి మూడుసార్లు ఇరుక్కోవాలి అనుకునేవాళ్లకు మాత్రం దీనికి సాటి లేదు.

ఎలక్ట్రిక్: హుస్సేన్ సాగర్ దగ్గర నేను చూసింది

2023 ఫిబ్రవరి 11. హైదరాబాద్‌లో ఫార్ములా ఈ రేసు. నల్గొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి నేనూ, మా తమ్ముడూ వెళ్లాం. సెక్రటేరియట్ పక్కన, ఎన్టీఆర్ మార్గ్‌లో కాంక్రీటు దిమ్మెల మధ్య 2.8 కిలోమీటర్ల ట్రాకు. కార్లు వస్తుంటే ముందు వినిపించింది ఇంజిను కాదు, సన్నటి ఈల. తర్వాత టైర్లు రోడ్డును గీకే చప్పుడు. కారు దాటిపోయాక కూడా మేం మామూలుగా మాట్లాడుకోగలిగాం. మా వెనక కూర్చున్న పెద్దాయన ఒకాయన "గిదేం రేసు, మిక్సీ లెక్క సప్పుడు" అన్నాడు. నేను నవ్వాను కానీ ఆయన తప్పు చెప్పలేదు.

గెలిచింది జాన్ ఎరిక్ వెర్న్. నాకు గుర్తుండిపోయింది చివరి ల్యాపులు. వెనక తరుముతున్న నిక్ క్యాసిడీ బ్యాటరీలో ఇంకాస్త ఎక్కువ మిగిలి ఉంది, ముందున్న వెర్న్ దగ్గర తక్కువ. అయినా దారివ్వలేదు. మలుపుకు ముందే కాలు తీసేసి బండిని దొర్లించడం, బ్రేకు వేసినప్పుడల్లా కాస్త వెనక్కి రాబట్టుకోవడం. ఎలక్ట్రిక్ బండి నడపడమంటే ఇదే. ఆ కార్లు రేసులో వాడే శక్తిలో 40 శాతం దాకా బ్రేకుల నుంచే తిరిగి వచ్చేలా తయారుచేశారు. వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేకుండా డిజైన్ చేశారంటే చూడండి. (ఆ తర్వాత 2024 రేసు రద్దయింది, డబ్బుల లెక్క కేసుల దాకా పోయింది. ఆ గొడవ మనకిక్కడ వద్దు.)

ఇంకో సంగతి ఎక్కువమందికి తెలియదు. ఫార్ములా ఈ 2014లో బీజింగ్‌లో మొదలైనప్పుడు బ్యాటరీ సగం రేసుకే సరిపోయేది. డ్రైవరు మధ్యలో గ్యారేజీలోకి వచ్చి, కారు దిగి, పరుగెత్తి ఇంకో కారెక్కి మిగతా సగం పూర్తి చేసేవాడు. నాలుగు సీజన్లు అట్లాగే నడిచింది. 2018 చివర్లో కొత్త బ్యాటరీ వచ్చాకే ఒక్క కారుతో రేసు ముగిసింది. 2025లో ఇంకో అడుగు వేశారు: రేసు మధ్యలో కారు ఆగే చోట (పిట్‌లో) 600 కిలోవాట్ల ఛార్జర్‌తో 30 సెకన్లలో 10 శాతం నింపుతున్నారు.

మా ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గుకు 3.3 కిలోవాట్లు వస్తుంది. నా కారు 30 యూనిట్ల బ్యాటరీ నిండడానికి పది గంటలు. రాత్రి అన్నం తిన్నాక పెట్టి, పొద్దున పాలు తెచ్చుకోవడానికి లేచినప్పుడు తీస్తాను. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఛార్జింగే ఎక్కదు, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి అది చూపించండి. పెద్ద ఛార్జర్ కావాలంటే శాంక్షన్డ్ లోడ్ (ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) పెంచమని కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి.

కరెంటు బిల్లు దగ్గర ఒక మెలిక ఉంది. 50 కిలోమీటర్లు రోజూ తిరిగేవాళ్లకు కారు ఒక్కటే నెలకు 200 యూనిట్లు తాగుతుంది. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇల్లయితే ఆ నెల నుంచి 200 దాటి అది పోతుంది. మీటరు పై స్లాబులోకి ఎక్కుతుంది, అందుకే నేను యూనిట్‌కు 9 రూపాయలు వేశాను. అయినా పెట్రోలు ఎదుట ఇది చిల్లరే. బావ లెక్కలో నెలకు పెట్రోలుకు 8,400, కరెంటుకు 1,900. ఏడాదికి 78,000 మిగులు. ధరలో తేడా మూడున్నర లక్షలనుకున్నా నాలుగున్నరేళ్లలో తీరిపోతుంది. పైగా తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా మాఫీ. పది లక్షల బండి మీద అదొక్కటే లక్ష దాటుతుంది. రోజుకు ఇరవై కిలోమీటర్లే తిరిగేవాళ్లకు మాత్రం మిగిలేది ఏడాదికి 30,000 చిల్లర. వాళ్లకు ఇది డబ్బు లెక్కలో తేలదు.

ఇక పొగ. మన దేశంలో సగటున ఒక యూనిట్ కరెంటుకు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. ఎందుకంటే ఎక్కువ కరెంటు బొగ్గుదే. మన జిల్లాలోనే దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. సాగర్‌లో, శ్రీశైలంలో, జూరాలలో నీళ్లున్న రోజుల్లో నీటి కరెంటు వస్తుంది కానీ అది ఏడాదంతా కాదు. అందుకే టేబుల్‌లో ఎలక్ట్రిక్, హైబ్రిడ్ పక్కపక్కన నిలబడ్డాయి. ఎలక్ట్రిక్ కొంటే నల్గొండ క్లాక్ టవర్ దగ్గర పొగ తగ్గుతుంది, దామరచర్ల పొగగొట్టం దగ్గర కొంత పెరుగుతుంది. ఇది దాచి "కాలుష్యం సున్నా" అని అమ్మడం నాకు నచ్చదు.

దీన్ని మార్చే మార్గం మీ డాబా మీదే ఉంది. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సోలార్‌కు 78,000 సబ్సిడీ ఇస్తున్నారు. మన ఎండకు నెలకు 300 యూనిట్ల పైనే వస్తుంది. కారుకు పోను ఇంట్లో ఫ్యాన్లకూ మిగులుతుంది. ఎలక్ట్రిక్ కారు, సోలార్ కలిపి పెట్టుకున్న ఇల్లే ఈ మొత్తం పోలికలో నిజంగా పచ్చనిది. రెండిట్లో ముందు ఏదంటే, నేనైతే సోలారే ముందు అంటాను.

బ్యాటరీ గురించి రెండు ముక్కలు. మన ఎండలకు ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ, నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు ఉన్న బండి చూడండి. మధ్యాహ్నం మూడింటికి ఎండలోంచి వచ్చి వెంటనే ప్లగ్ పెట్టకండి, చల్లారనివ్వండి. వారంటీ చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు ఇస్తున్నాయి. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమర రాజా లిథియం సెల్స్ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఆ ఫ్యాక్టరీ పేరు చెప్పి "ఆగుదాం, మన దగ్గరే బ్యాటరీ చవకవుతుంది" అనే వాళ్లున్నారు. సెల్ పక్క ఊళ్లో తయారైతే మన షోరూంలో ధర తగ్గుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు.

దూరం వెళ్తే ఎట్లా ఉంటుందో నా సొంత అనుభవం చెప్తాను. శ్రీశైలం వెళ్తూ ఈగలపెంట దాటాక ఘాట్ దిగేటప్పుడు ఎక్సలేటర్ మీద కాలు పెట్టే పనే లేదు. పైన 41 శాతం ఉన్న బ్యాటరీ డ్యామ్ దగ్గరికి వచ్చేసరికి 44 అయింది. మా పాప డాష్‌బోర్డులో అంకె మారినప్పుడల్లా అరిచి చెప్పింది. డ్యామ్ దాటి సున్నిపెంట వైపు ఎక్కుడు మొదలయ్యాక ఆ మూడూ పోయాయి, ఇంకో నాలుగు కూడా పోయాయి. ఇంకోసారి విజయవాడ హైవే మీద యాప్‌లో పచ్చగా చూపించిన ఛార్జర్ దగ్గరికి పోతే స్క్రీన్ చీకటి. కస్టమర్ కేర్ "పది నిమిషాలు ఆగండి సార్" అని మూడుసార్లు అంది. పన్నెండు శాతంతో, ఏసీ ఆపేసి, ఏప్రిల్ ఎండలో నలభై కిలోమీటర్ల వేగంతో సూర్యాపేట చేరాం. అప్పటి నుంచి కంపెనీ చెప్పిన రేంజిలో మూడో వంతు కొట్టేసి, పాతిక శాతం మిగిలి ఉండగానే ఛార్జర్ చూసుకుంటున్నాను.

హైడ్రోజన్ సంగతి

టయోటా 2021లో ఫుజీ 24 గంటల రేసులో హైడ్రోజన్ కాల్చే కరోలాను పరుగెత్తించింది. బాగుంది. నల్గొండలో హైడ్రోజన్ బంకు పెట్టినప్పుడు మాట్లాడుకుందాం.

ఎవరికి ఏది

సొంత ఇల్లు, గేటు లోపల పార్కింగ్, రోజుకు నలభై దాటి తిరుగుడు: ఎలక్ట్రిక్. ఇందులో నాకు ఊగిసలాట లేదు. ఇంట్లో ఇంకో పెట్రోలు బండి ఉంటే ఇంకా మంచిది. ఫార్ములా ఈ మొదట్లో చేసినట్టే, ఒకటి అయిపోతే ఇంకోటి ఎక్కొచ్చు.

అద్దె ఇల్లయితే ఓనరుతో ప్లగ్గు మాట ముందే తేల్చుకోండి. "చూద్దాంలే" అంటే కాదనే అర్థం. అపార్ట్‌మెంట్‌లో కమిటీ ఒప్పుకుని మీ మీటరు నుంచి వైరు లాగనిచ్చాకే బుక్ చేయండి. లేకపోతే హైబ్రిడ్, బడ్జెట్ లేకపోతే చిన్న పెట్రోలు.

నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు వంద కిలోమీటర్లే. వారానికి మూడు నాలుగుసార్లు వెళ్లి అదే రోజు తిరిగొచ్చేవాళ్లు 30 యూనిట్ల బ్యాటరీతో ఇబ్బంది పడతారు, 40 పైన ఉన్నది చూసుకోవాలి. ఆ ధర పెట్టలేకపోతే ఇక్కడ హైబ్రిడ్ సరైన జవాబు.

దేవరకొండ, అచ్చంపేట వైపు పొలాల్లోకి, తండాల్లోకి తిరుగుతూ, వెనక సీట్లో ఎరువుల బస్తా వేసుకునేవాళ్లకు నేను ఇంకా పెట్రోలే చెప్తాను. ఏ మెకానిక్ అయినా విప్పగలడు, సర్వీస్ సెంటర్ కోసం జిల్లా కేంద్రానికి పరుగెత్తక్కర్లేదు. క్యాబ్‌వాళ్లకు సీఎన్‌జీ.

ఇంట్లో నడుస్తున్న పెట్రోలు కారు ఉండి, నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లే తిరుగుతూ, పర్యావరణం కోసం దాన్ని అమ్మి కొత్తది కొందామనుకునేవాళ్లు ఫార్ములా వన్ లెక్క గుర్తు తెచ్చుకోండి. ట్రాక్ మీద పొగ 0.7 శాతం. కొత్త కారు తయారీలోనే, ముఖ్యంగా బ్యాటరీ తయారీలో, టన్నులకొద్దీ కార్బన్ ఖర్చవుతుంది. తక్కువ తిరిగే పాత బండి పొగ దాన్ని అందుకోవడానికి ఏళ్లు పడుతుంది. టైర్లలో గాలి సరిచూసుకుని, హైదరాబాద్‌కు బస్సెక్కి, ఆ డబ్బుతో డాబా మీద సోలార్ పెట్టండి.

మా బావ ఈ లెక్కలో మొదటి రకంలోనే పడతాడు. గంటసేపు విని "అయితే ఎలక్ట్రిక్కే, ఖాయం" అన్నాడు. ఫోన్ అక్క తీసుకుంది. "అంతా మంచిగనే ఉంది తమ్ముడూ. ఆ ప్లగ్గు వరండలనే వస్తదంటున్నడు మీ బావ. మరి నా వాషింగ్ మెషిన్ ఎక్కడ పెట్టాలె?" అంది. దానికి నా దగ్గర టేబుల్ లేదు. వచ్చే ఆదివారం ఎలక్ట్రీషియన్‌ను పట్టుకుని మహబూబ్‌నగర్ పోతున్నాను.